దస్తీకి బదులు గులాబీ

పెళ్లయ్యాక వచ్చిన మా మొదటి ప్రేమికుల రోజు అది. ఇంట్లో అమ్మానాన్నల ముందు పువ్వు ఇవ్వడానికి సిగ్గేసింది. ఆరోజు అత్తగారి ఊరు పిట్లం వెళ్తున్నాం కాబట్టి, బస్సులో మా ఆవిడకు ఇద్దామని బాన్సువాడ బస్టాండు దగ్గర గులాబీ కొని వెనక దాచుకున్నాను.

బస్సు రాగానే జనం ఎగబడ్డారు. సీటు ఆపుకోవడానికి అందరూ కిటికీల్లోంచి జేబుల్లోని చేతిరుమాళ్లు, అదే దస్తీలు, తువ్వాళ్లు విసురుతుంటే, కంగారులో నేనూ చేతిలో ఉన్నది విసిరేశాను.

"ఎవడ్రా నాకు పువ్వేసింది?" అప్పటికే లోపల కూర్చున్న ఓ అవ్వ కేక పెట్టింది.

నేను ఎక్కేసరికి బస్సంతా నన్నే చూస్తోంది. "సీటు కోసం అవ్వా..." అని నీళ్లు నమిలాను.

"సీటుకు దస్తీ ఏస్తరు గని పువ్వేస్తరా ఎవలన్న?" వెనకే ఎక్కిన మా ఆవిడ నిలదీసింది.

"అది నీకే తెచ్చిన," అని గొణిగాను.

అది విని అవ్వ గబుక్కున గులాబీని కొప్పులో తురుముకుంది. "మా ముసలోడు ఒక్కనాడన్న తేలే. ఇగ నేనియ్య పో!" అంటూ మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంది. పిట్లం దాకా నేను నిలబడే ఉన్నాను. వాళ్లిద్దరూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పటికీ ప్రేమికుల రోజున మా ఆవిడ నాకిచ్చే కానుక ఒక్కటే, ఉతికి మడతపెట్టిన దస్తీ.