ఆరు డిస్కులకు పెట్టిన బొట్టు

ఈ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా ఆయనకు తెలియదు. మా అమ్మకు తెలియదు. నాలుగేళ్ళుగా మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. మోయడమంటే ఏదో కష్టపడ్డట్టు ఉంటుంది. నేను కష్టపడలేదు. దాచుకున్నాను, అంతే. కాకపోతే దాచుకున్నది ఊరికే కూర్చోదు కదా. ఫోన్ మోగితే ముందు గుండె జారుతుంది, తర్వాతే పేరు చూస్తాను. ఆఫీసులో ఎవరైనా “మేడమ్, ఒక్క నిమిషం” అంటే ఇంతే సంగతులు, దొరికిపోయాను అనుకుంటాను. తీరా వాళ్ళు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందని చెప్తారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన రెండేళ్ళకు, దానికి దగ్గర్లో ఉన్న ఒక చల్లటి గోదాములో నాకు ఉద్యోగం దొరికింది. విదేశాలకు పోయే మందుల పెట్టెలు విమానం ఎక్కేదాకా అక్కడ ఉంటాయి. గోదాములో చలి ఎంత ఉందో ఐదు నిమిషాలకోసారి సర్వర్ కంప్యూటర్‌లో నమోదవుతుంది. ఆ రికార్డు లేకపోతే లోపల మందులు ఎంత బాగున్నా కొనేవాడు తీసుకోడు. ఆ సర్వర్‌ను చూసుకోవడమే నా పని. మాది కందుకూరు దగ్గర పల్లె. మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఆరు నెలలూ నేను నవ్వినా భయంగానే నవ్వాను.

సర్వర్ బిగించింది ప్రభాకరన్న. అత్తాపూర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సర్వీసు దుకాణం తరఫున వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, చర్చికి పోయే కుటుంబం, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆరు హార్డ్ డిస్కులను ఒక్కొక్కటే స్పాంజి కవర్లోంచి తీసి, ఒక్కో ట్రేకు నాలుగు స్క్రూలు బిగించి, టక్కుమని చప్పుడు వచ్చేదాకా లోపలికి తోశాడు. నా చేత కూడా రెండు బిగింపించాడు. ముందు ఇనుప పెట్టెను ముట్టుకుని, ఒంట్లో కరెంటు పోయాకే డిస్కును పట్టుకోమన్నాడు. ఆరూ కలిసి రాస్తాయని, ఒకటి పాడైనా మిగతా ఐదూ దాని లెక్క చెప్పేస్తాయని, రెండోది కూడా పోతే మాత్రం ఇగ ఎవరూ ఏమీ చెయ్యలేరని విడమరిచి చెప్పాడు. అందుకే డిస్కు డిస్కుకూ ముందు చిన్న లైటు. బాగుంటే ఆకుపచ్చ, పాడైతే ఆరెంజ్. దానికి తోడు ఒక బజర్. అది పనిచేస్తుందో లేదో నాకు చూపించడానికి ఒక డిస్కును బయటికి లాగి మరీ మోగించాడు. ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకుంటే నవ్వాడు. పోయేటప్పుడు రెండు మాటలు చెప్పాడు. ఆరెంజ్ వెలిగితే వెంటనే నాకు ఫోన్ కొట్టు. నడుస్తున్నప్పుడు మాత్రం పెట్టెను కదపకు.

దసరాకు గోదాములో ఆయుధ పూజ చేశారు. ముందు ఫోర్క్‌లిఫ్టులకు, తర్వాత కాంటాకు, ఆ తర్వాత సర్వర్ గదికి వస్తారు. గది చిన్నది. టేబుల్ మీద పటం పెట్టడానికి చోటు లేదు. నేనేం చేశానంటే, సర్వర్‌ను రెండు చేతులతో పట్టుకుని గోడవైపు జరిపాను. అది నడుస్తూనే ఉంది. ఆపాలంటే మేనేజర్‌ను అడగాలి, అడిగితే పండుగ పూట ఇదేం గోల అంటాడు. జానెడు జరిపానో లేదో, పెట్టె మూల గోడకు గట్టిగా కొట్టుకుంది.

ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత బజర్ మోగింది.

మూడో డిస్కు ఆరెంజ్. కారిడార్‌లోంచి గంట చప్పుడు, అగరుబత్తి వాసన దగ్గరికి వస్తున్నాయి. ముప్పై మంది గదిలోకి రాబోతున్నారు, ముందు మేనేజర్. స్క్రీన్ మీద ఒక్క బటన్ నొక్కితే బజర్ ఆగుతుందని నాకు తెలుసు. నొక్కాను. కానీ లైటు ఆగదు కదా. నా ఎడమ చేతిలో పసుపు, కుంకుమ నీళ్ళతో కలిపి పెట్టుకున్న పళ్ళెం ఉంది. ఆలోచించానా? ఆలోచించలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆలోచించకుండా చేసినదాన్నయితే, మూడో డిస్కు లైటు మీద చిక్కగా బొట్టు పెట్టాక, అదొక్కటే వేరుగా కనిపిస్తుందని మిగతా ఐదింటికి కూడా సరిగ్గా అదే చోట ఎందుకు పెడతాను?

మేనేజర్ హారతి ఇచ్చి, మంచిగ అలంకరించినవమ్మా అన్నాడు. అందరూ చూశారు. అందరూ దండం పెట్టారు. నేను కూడా పెట్టాను. దేవుడికి ఏమని చెప్పుకున్నానో మాత్రం నాకు గుర్తు లేదు.

పండుగ సెలవు కాగానే చెప్పేద్దామనుకున్నాను. సెలవు అయిపోయింది. బొట్టు ఎండి గట్టిపడింది. గోటితో గీకితే రాలిపోతుంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి లైట్లు చూసి రిజిస్టర్‌లో రాయడం నా పని. “అన్నీ ఆకుపచ్చ” అని రాసి సంతకం పెట్టాను. మొదటి రోజు చెయ్యి వణికింది. మూడో రోజుకు వణకలేదు. ఆ వణకకపోవడం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ భయం వేస్తుంది.

ప్రభాకరన్నకు చాటుగా ఫోన్ చేసి ఉంటే? కొత్త డిస్కు తెచ్చి, పది నిమిషాల్లో మార్చి, ఎవరికీ చెప్పకుండా పోయేవాడు. ఆయన తిట్టడని నాకు తెలుసు. తిట్టే మనిషికి భయపడి అబద్ధం చెప్తే ఒక అర్థం ఉంది. తిట్టని మనిషి దగ్గర నేనెందుకు దాచాను? కదపకు అన్నది ఆయనే కాబట్టా? ఆయన దృష్టిలో మంచి పిల్లలా ఉండాలనా? ఇంత చిన్న కారణానికి ఇంత పని చేస్తారా ఎవరైనా? నేను చేశాను.

పూజ అయిన ఆరో రోజున ఆయన నెలవారీ చెకింగ్‌కు వచ్చాడు. మామూలుగా లైట్లతో పాటు స్క్రీన్ మీద కూడా చూస్తాడు. ఆ రోజు ఒక లోడు పోతోంది, గోదాము వాళ్ళు స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళు లేవడానికి గంట పడుతుందని నేనే చెప్పాను. నిజానికి పావుగంటలో అయిపోయే పని. ఆయనకు అత్తాపూర్‌లో ఇంకో చోటికి పోవాల్సి ఉంది. వాకిట్లో బూట్లు విప్పి సర్వర్ దగ్గరికి వచ్చాడు. బొట్లు చూశాడు. తుడవబోయినట్టు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“పూజ చేసిండ్రు కదా చెల్లె, నేను చెరపను. కింద లైట్లు అన్ని గ్రీనే ఉన్నయా?”

“ఉన్నయన్నా.”

“రోజు చూస్తున్నవా?”

“పొద్దుగాల్నే చూసి రాస్తున్నన్నా.”

“అయితే ఇగ ఫికర్ లేదు,” అన్నాడు. లైట్లు స్వయంగా చూశానని కాగితం మీద సంతకం పెట్టాడు. నేను ఇచ్చిన చాయ్ తాగి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. మా దేవుడికి పెట్టిన బొట్టును తన చేత్తో చెరపకూడదు అనుకున్నాడు ఆ మనిషి. ఆ మర్యాదను నేను వాడుకున్నాను. నన్ను బాగా కాల్చేది ఏదని మీరు అడిగితే, ఇదే అంటాను.

ఇంకో తొమ్మిది రోజులకు రెండో డిస్కు పోయింది. పొద్దున నేను వచ్చేసరికి స్క్రీన్ మీద ఏమీ లేదు. ఐదు నెలల చలి రికార్డు మొత్తం పోయింది. వేరే చోట నకలు పెట్టుకుందామని ప్రభాకరన్న అంతకుముందే రెండుసార్లు రాసిచ్చాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఏ డిస్కు ఎప్పుడు పాడైందో చెప్పే చిట్టా కూడా ఆ డిస్కుల్లోనే ఉండి, వాటితోనే పోయింది. ఇది తెలిసినప్పుడు నాకు కలిగింది బాధ కాదు. ఊపిరి ఆడింది. మేనేజర్ వచ్చేలోపు తడిగుడ్డతో ఆరు బొట్లూ తుడిచేశాను.

విమానం ఎక్కాల్సిన మందులు వెనక్కి వచ్చాయి. చెడిపోయి కాదు, బాగున్నాయని చూపించే కాగితం లేక. కొనేవాళ్ళు గోదామును ఇక నమ్మలేమన్నారు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. ముందు నన్ను పిలిచారు. రిజిస్టర్ తెరిచి చూపించాను, రోజూ ఆకుపచ్చే అన్నాను. తర్వాత ప్రభాకరన్నను పిలిచారు. బొట్టు అడ్డముండె, ఆ పిల్లను అడిగి సంతకం పెట్టిన అని ఆయన ఒక్క మాట అంటే చాలు, అందరూ నావైపు తిరిగేవాళ్ళు. ఆయన అనలేదు. కండ్లతోటి చూసిన సార్, గ్రీనే ఉండె అన్నాడట. చూడకుండా సంతకం పెట్టిన సిగ్గుతో అన్నాడో, నన్ను కాపాడదామని అన్నాడో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

లైట్లు ఆకుపచ్చగా ఉండగానే అంతా పోయిందంటే తప్పు బిగించినవాడిదే అని తేల్చారు. అత్తాపూర్ దుకాణం వాళ్ళు ఆయన్ను తీసేశారు. ఈ చుట్టుపక్కల సర్వర్ పనికి ఆయన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు తుక్కుగూడ దగ్గర ఒక నీళ్ళ ప్లాంటులో క్యాన్లు నింపుతున్నాడు. నేను పర్మనెంట్ అయ్యాను. ఆ రోజు అందరికీ స్వీట్లు పంచాను కూడా.

ఆయన నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. అనుమానించలేదు. నువ్వు గ్రీన్ అన్నవంటె గ్రీనే చెల్లె, నా బిగింపుల్నే ఏదో తప్పుంటది, అదేందో దొరుకుతలేదు అనేవాడు. రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసేవాడు. ఒకసారి కేబుల్ అనేవాడు. ఒకసారి స్క్రూ ఎక్కువ బిగించిన్నేమో అనేవాడు. ఒకసారి డిస్కులన్నీ ఒకటే పెట్టెలోంచి తీసుడు తప్పేమో అన్నాడు. కూతురి బడిలో కంప్యూటర్ ఆగిపోయి, నీకు తెలుసంట కదా జర చూడమంటే, నాకు ఈ పని రాదని చెప్పి వచ్చేశాడట. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన చేతులు అవి. నేను ప్రతిసారీ, ఎందుకన్నా ఇప్పుడు పరేషాన్ అయితవు, పోనీ అనేదాన్ని. ఓదారుస్తున్నట్టు మాట్లాడేదాన్ని. ఫోన్ పెట్టాక బాత్రూములోకి పోయి మొహం కడుక్కునేదాన్ని.

పోయిన నెల మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆయన గొంతు తేలికగా ఉంది. దొరికిందన్నాడు. బిగించేటప్పుడు చప్పుడు ఎక్కువైతుందని బజర్ ఆపానని, మళ్ళీ ఆన్ చెయ్యడం మరిచిపోయానని, ఇప్పుడు అంతా కళ్ళకు కట్టినట్టు గుర్తొస్తోందని చెప్పాడు. ఆదివారం చర్చిలో అందరి ముందు నిలబడి ఒప్పుకున్నాడట. ఇన్నాళ్ళకు నిద్ర పట్టిందన్నాడు.

తర్వాత అన్నాడు: “నా తప్పుకు నిన్ను గూడ ఆ రూములకు పిలిచి అడిగిండ్రు చెల్లె. అందరిని మాఫీ అడిగిన, నువ్వొక్కదానివే బాకీ. నన్ను మాఫ్ చెయ్యి.”

నోరు తెరిచాను. ఇదే సమయం, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పవు అని నాకు స్పష్టంగా తెలుసు. లైన్ కట్ అయిందేమోనని ఆయన హలో హలో అన్నాడు.

“సరే అన్నా,” అన్నాను. “మాఫ్ చేసిన.”

నేను ఆయన్ను క్షమించాను. మీరు మళ్ళీ చదవక్కర్లేదు, సరిగ్గానే చదివారు.

అప్పటినుంచి నాకు తిండి సరిగ్గా పోవడం లేదు. ఇప్పుడు నిజం చెప్తే ఆయనకు దొరికిన ఆ కాస్త నిద్ర కూడా పోతుంది కదా అని ఒకసారి అనుకుంటాను. ఎంత మంచిదాన్నో చూడండి, ఆయన నిద్ర కోసం నోరు మూసుకున్నానట. ఇంకోసారి, ఆయన తన చేతులను తాను నమ్మకుండా చచ్చిపోతాడు కదా అనుకుంటాను. రెండింట్లో ఏది ఆయన కోసం అనుకుంటున్నానో, ఏది నా కోసమో నాకే తెలియడం లేదు. మీరు నన్ను ఏమీ అనకండి. మంచిదనీ అనకండి. ఆయన పేరు నేను ఇక్కడ మార్చాను, గోదాము పేరు రాయలేదు. అంటే ఇంకా దాస్తూనే ఉన్నాను. కానీ ఈ ఒక్కటి ఎవరో ఒకరి కళ్ళ ముందు పడాలి. రాస్తుంటే, చాలా రోజుల తర్వాత, ఊపిరి ఛాతీ అడుగుదాకా పోతోంది.

ఆయన ఏమీ మరిచిపోలేదు. బజర్ ఆన్ చేసే ఉంది. అది మోగింది. నేను విన్నాను.