క్యారియరు మీద దుప్పటి

కిడ్నీ రోగులకు డయాలసిస్ మిషను కొనేందుకు విరాళాల కోసం తుమకూరు నుంచి పావగడ దాకా సైకిలు యాత్ర పెట్టారని తెలిసి, క్యాతగానచెర్లు ఊరి శ్రీరామప్ప కూడా పేరిచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి. చేను సోలారు పలకల కిందికి పోయాక, ఆ పలకలే కడిగే కూలికి పోతున్నాడు.

సన్నటి చక్రాల సైకిళ్ల మధ్య ఆయనది పాత ఇనుప సైకిలు. యాత్ర వెంట వచ్చే పావగడ అమ్మాయి మేఘ ఆగలేక అడిగింది.

"తాతా, ఆ క్యారియరన్నా ఇప్పేయరాదా? బరువు తగ్గుతాది."

"అదుండనీ తల్లీ," అని, దాని మీద మడిచి కట్టిన దుప్పటిని ఇంకోసారి సర్దాడు.

ఆ దుప్పటి భార్య నల్లమ్మ కోసం వేసింది. డయాలసిస్‌కు పోయేందుకు వారానికి రెండుసార్లు, బస్సు ఆగే రోడ్డు దాకా, మూడేళ్లపాటు ఆమెను దాని మీదే కూర్చోబెట్టుకుని తొక్కాడు. ఆమె పోయి ఏడాదైంది.

దారిలో అందరూ గుంతల మీదుగా దూసుకుపోతుంటే, ఆయన మాత్రం ఒక్కో గుంతనూ తప్పించి మెల్లగా పక్కనుంచి పోయాడు. ముసలాయనకు చాదస్తమని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనీ.

పొద్దు వాలేవేళకు అందరికంటే చివర పావగడ చేరాడు. చప్పట్లు కొట్టారు, దండ తెచ్చారు. ఆయన రెండు కాళ్లూ నేలకు ఆనించి, హ్యాండిలు బిగించి పట్టుకుని, సైకిలు కదలకుండా అలాగే నిలబడ్డాడు.

"దిగు తాతా, వచ్చేసినాం కదా," అంది మేఘ.

"ఉండమ్మా," అన్నాడు శ్రీరామప్ప, వెనక్కి తిరగకుండానే. "ముందు మీ అవ్వ దిగాల."