కుడివైపు కుట్టిన పాటల పుస్తకం

మా బిట్రగుంట రైల్వే కాలనీ గురించి రాయమని అందర్నీ అడిగారు. డ్రైవర్ల కొడుకులు రాశారు, గార్డుల కొడుకులు రాశారు. వాళ్ల పుస్తకాలకు అట్టలు కట్టిన ఇంటివాణ్ణి, నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. నిన్న మనవరాలి బడి నోటుపుస్తకం ఊడిపోతే మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపాను. ఆ వాసన ముక్కుకు తగలగానే పాత కోపం మళ్లీ రాజుకుంది.

మా నాయనది బైండింగు పని. ఆఫీసు రిజిస్టర్లు ఆయన కుట్టేవాడు, మసీదు బడి ఉర్దూ వాచకాలు నాకు వదిలేవాడు. వానాకాలం సముద్రం మీంచి వచ్చే తేమగాలికి అట్టలు ఆరక, ఇల్లంతా పులిసిన జిగురూ మైనం రాసిన దారమూ కలిసి ఒకటే వాసన. రంజాను సేమ్యాలో కూడా అదే వాసనని అక్క ముక్కు మూసుకుని మరీ తినేది.

ఇంజను డ్రైవరు గారబ్బాయి సుధాకర్ నా స్నేహితుడు. మా ఇద్దరిళ్లలోనూ రేడియో లేదు. కాలనీ గేటు దగ్గర టీ అంగడి రేడియో కింద నిలబడి, ఇంజను కూత మింగేసిన మాటల కోసం మళ్లీ వారందాకా కాచుకుని, పాటలు కాగితాల మీద ఎక్కించేవాళ్లం. వాళ్ల నాయనకు బదిలీ అయిందని తెలిశాక, వాడికిష్టమైన పాటలు ఇరవై ఏరి, దిగులువి మధ్యలోనూ, వాడు ఎగిరెగిరి పాడేది చివర్లోనూ వచ్చేట్టు వరస కుదిర్చి, పుస్తకం కట్టడానికి కూర్చున్నాను. అట్టకు చుట్టే నీలం కాలికో గుడ్డ దొరికింది. పైకి అతికే అలల అచ్చు కాగితం మీద చెయ్యి వేశాను.

"అది ఆఫీసోళ్లదిరా, ముట్టుకోబాక" అన్నాడు నాయన. సాయంత్రానికి ఆయనే ఒక ముక్క కోసిచ్చినాడు.

మొదటి అట్ట లోపల చిన్న జేబు అతికి, అందులో నా చిరునామా రాసిన పోస్టుకార్డు పెట్టాను.

స్టేషన్లో సుధాకర్ చేతిలో పెట్టగానే ఆ పుస్తకాన్ని వాడి అన్న లాక్కున్నాడు. "ఏంది మస్తానూ, కుట్టు కుడివైపు ఏసినావు? మావోడు ఆఖరి పాట కాడ్నించి ఎనక్కి పాడుకుంటా రావాల్నా?"

కుడి నుంచి ఎడమకు చదివే ఉర్దూ వాచకాలు కుట్టి కుట్టి అలవాటైన చెయ్యి చేసిన పని. ప్లాట్‌ఫారమంతా నవ్వింది. సుధాకర్ కూడా నవ్వాడు. అన్న నవ్వును ఎప్పుడో వదిలేశాను, వీడిది వదల్లేదు. కార్డు సంగతి చెప్పాలని వెళ్లినవాణ్ణి, చెప్పకుండానే జనం వెనక్కి జరిగాను. పుస్తకంతో సహా రైలు వెళ్లిపోయింది.

ఆ ఏడాదంతా వీధి మలుపులో పోస్టాయన కోసం కాచుకున్నాను. "నీకేం రాలేదబ్బాయ్" అని ఆయన దూరం నుంచే చెయ్యి ఊపేవాడు.

ఇప్పుడు ఇంజన్ల షెడ్డు లేదు, క్వార్టర్ల గోడల్లో జిల్లేళ్లు మొలిచాయి, టీ అంగడి లేదు, నాయన కుట్టుచట్రం చెదలు తినేసింది. నేను మాత్రం కార్డు మీద రాసిన ఆ ఇంట్లోనే ఉన్నాను.

సుధాకర్, తప్పు కుట్టానని ఒప్పుకుంటున్నాను. కానీ ఎటు నుంచి మొదలుపెట్టినా ఇరవై పాటలూ చదివినవాడి చేతికి ఆ కార్డు రాక తప్పదు. చదవకుండా పారేశావా, చదివి కూడా రాయలేదా? రెండింట్లో ఏదో ఒకటి ఇప్పుడైనా చెప్పు.