ఇసిదోరు గారి ఎద్దులు, మా ఉపదేశి గారు

ఉపదేశి ఇన్నయ్య గారు పోయారన్న సంగతి నాకు గుడి గంట చెప్పలేదు. ఫోనులో గుడి కమిటీ గ్రూపు చెప్పింది. పైన ఎవరో పెట్టిన గులాబీల శుభోదయం, దాని కిందే ఆయన మరణవార్త, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పత్తి చేలో కలుపు తీయిస్తూ ఆ వార్త చూసి గట్టు మీద కూలబడ్డాను. కాసేపటికి రోత పుట్టింది. ఆ చేతులు జోడించినవాళ్లలో, ఆయన మంచాన పడ్డాక గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు.

ప్రత్తిపాడు దాపున మా ఊరి కథోలిక గుడిలో జీవితమంతా ప్రార్థనలు నేర్పిన మనిషి ఆయన. ఫాదర్ గారు రాలేని ఆదివారాల్లో గుడి నడిపింది ఆయనే. నా చెయ్యి పట్టి సిలువ గుర్తు వేయించింది ఆయనే. కానీ ఆయన ప్రాణమంతా రైతుల పునీతుడైన ఇసిదోరు గారి కొయ్య స్వరూపం, గుడిలోని ఆ విగ్రహం మీద ఉండేది. పునీతుడి పక్కన కాడి కట్టిన రెండు తెల్లెద్దులు, దగ్గరి ఎద్దు వీపు మీద ఆయన చెయ్యి. కూలికి దున్నే ఇసిదోరు ప్రార్థనలో మునిగిపోతే దేవదూతలు వచ్చి అరక సాగించారన్న కథ ఇన్నయ్య గారి నోట వినని పిల్లలు మా ఊళ్లో లేరు.

మిరప నారు పోసే ముందు విత్తనాల ప్యాకెట్లు తెచ్చి ఆ ఎద్దుల కాడి మీద పెట్టడం మా ఆచారం. ఒకసారి మా అమ్మ పునీతుడి పాదాల దగ్గర పెట్టబోయింది.

"ఆయన ప్రార్థనలో ఉన్నాడమ్మా. పని చేసింది ఎద్దులు. వాటినడుగు" అన్నారు ఇన్నయ్య గారు.

"మరి దేవదూతలో?"

"కబుర్లు చెప్పుకుంటా ఎనకాల నడిచుంటారు. అరక దున్నినోణ్ణి, నాకు తెలీదా?"

మా పక్క చేను మస్తాన్ కూడా విత్తనాలు తెచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయేవాడు. "ఎద్దుకి మతమేంట్రా? వచ్చి పెట్టు" అని లోపలికి లాగేవారు.

గుడిలో అద్దాల అర కట్టించినప్పుడు స్వరూపం అందులో పట్టలేదు. అరను పెంచాలని ఎవరికీ తోచలేదు. కమిటీ పెద్ద జోజప్ప రంపం తెప్పించి ఎద్దులను కోయించాడు. "అందరికీ ట్రాక్టర్లే గదా ఉపదేశి గారూ, ఇంకా ఎద్దులెందుకు?" అన్నాడు. నేను అడ్డం పడితే, "నీకు ప్రతిదానికీ తగువేరా" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఇన్నయ్య గారు తగువాడలేదు. కండువా పరిచి, కాడి విరగకుండా ఎద్దులను అందులోకి ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయారు. తాను పోయేలోగా వాటిని పునీతుడి పక్కకు చేర్చమని వచ్చిన ప్రతి ఫాదర్ గారినీ, ప్రతి కమిటీనీ అడిగారు. పండగ అయ్యాక చూద్దాం అన్నారు వాళ్లు. గుడికి సున్నాలు వేశాక అన్నారు. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "ఎద్దుల్లేనోణ్ణి చేశార్రా ఆయన్ని. రైతుకి అంతకన్నా అవమానం ఏముంది?" అన్నారు.

సమాధుల తోటలో జోజప్ప మైకు పట్టుకుని ఆయనను "ఇసిదోరు గారి ముద్దుబిడ్డ" అని పొగిడాడు. వెనక ఫ్లెక్సీలో పోయినాయన బొమ్మకంటే జోజప్ప బొమ్మే పెద్దది. నేను లేచి ఎద్దుల మాట ఎత్తగానే మైకు కట్టేయించి, నన్ను పక్కకు లాగాడు.

"పెట్టె ఇంకా మూయలేదు. ఆ ఎద్దుల్ని కూడా అందులో పెట్టేద్దాం. గొడవ పోద్ది."

"ఆయన అడిగింది గుడిలో పెట్టమని జోజప్పా, గుంటలో కాదు" అన్నాను.

ఎద్దులు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. నిన్న మస్తాన్ వచ్చి ప్యాకెట్ కాడి మీద పెట్టాడు. అలవాటుగా ఉపదేశి గారి కోసం పక్కకు చూసి, తల దించుకున్నాడు.

గుడిలో అద్దం వెనక పునీతుడి చెయ్యి గాలిలో ఆగి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు అది తమను దీవిస్తోందనుకుని దాని ఎదుట తల వంచుతున్నారు. జోజప్ప అందరికంటే ముందు వంచుతాడు. అది దీవెన కాదని, ఎద్దును నిమిరే చెయ్యి అని చెప్పే మనిషిని మొన్న మట్టిలో పెట్టి వచ్చాం. అలాంటి మనిషి మాకు మళ్లీ దొరకడు. ఉపదేశి గారూ, మీరు అడిగింది ఇక నేను అడుగుతాను. మీ అంత మర్యాదగా మాత్రం అడగను.