వియన్నా గుమ్మం ముందు నాయనమ్మ చెప్పులు

కెనడాలోని మా సార్నియాలో మంచు కరిగే రోజుల్లో మా గుమ్మం దగ్గర తడి బూట్ల వాసన, తోలూ ఉన్నీ కలిసిన ఆ ముతక వాసన, ముక్కుకు తగిలితే చాలు, నేను తొమ్మిదేళ్ల పిల్లనై నాయనమ్మ కొంగు పట్టుకుని వియన్నా వీధుల్లో తిరుగుతుంటాను.

నాన్న అప్పట్లో ఇక్కడి ఆయిల్ ప్లాంటులో ఇంజనీరు. ఆ ఏడు సెలవులకు నన్నూ నాయనమ్మనూ వియన్నా చూపించడానికి తీసుకెళ్లాడు. ఊళ్లు చూడటం కూడా ఆయనకు షిఫ్టు డ్యూటీయే. గుర్రబ్బళ్ల టకటకలు, కాల్చిన చెస్ట్‌నట్ గింజల పొగ, బేకరీల ముందు వెన్న వాసన, వీటన్నిటి మధ్య నేను నోరు తెరుచుకుని నడుస్తుంటే, పట్టుచీర మీద నాన్న పాత చలికోటు, మేజోళ్ల మీద చెప్పులు వేసుకున్న నాయనమ్మ అక్కడి రాజభవనంలో రాజుగారి మంచం చూసి “ఇంత పొట్టిదా!” అని పెదవి విరిచింది. ఆవిడకు కావలసింది ఒక్కటే: మా వంటింటి క్యాలెండర్‌లో ఏడాదంతా చూసిన రంగు పెంకుల చర్చి. తీరా దాని గుమ్మం దగ్గరికి రాగానే చెప్పులు విప్పేసింది.

“ఇక్కడ విప్పక్కర్లేదమ్మా. అందరూ చూస్తున్నారు,” అన్నాడు నాన్న.

“ఎవరి దేవుడైతే ఏంట్రా, గుడి గుడే. చెప్పులతో అయితే నేను రాను. మీరెళ్లి రండి, ఇక్కడే కూర్చుంటా.”

అన్నంత పనీ చేసే మనిషి. నాన్నే తగ్గాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. లోపల రంగు అద్దాల వెలుగులో ఆవిడ మాత్రం మేజోళ్లతో మహారాణిలా నడిచింది, కొవ్వొత్తి వెలిగించింది, కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చి చూద్దుం కదా, నాయనమ్మ చెప్పుల పక్కన గోడ పొడవునా బూట్లు బారులు తీరి ఉన్నాయి! ఇదే ఇక్కడి ఆచారమనుకున్నారు కాబోలు, దేశదేశాల యాత్రికులు బుద్ధిగా లేసులు విప్పుతున్నారు. కాపలాదారు బుర్ర గోక్కుంటున్నాడు.

“చూశావురా? నేనొక్క మాటన్నానా వీళ్లతో?”

నాన్న పడీపడీ నవ్వాడు. తర్వాత బూట్లు విప్పి, మళ్లీ లోపలికెళ్లి దండం పెట్టుకొచ్చాడు. ఆ పూట నాయనమ్మ వియన్నాను గెలిచింది. నేను ఊరంతా ఆవిడ చెయ్యి పట్టుకునే తిరిగాను.

ఇప్పుడు నాయనమ్మ లేదు, ఆ క్యాలెండరూ లేదు. మొన్న మా అమ్మాయిని వియన్నా తీసుకెళితే ఆ గుమ్మం ముందు ఇనుప కంచెలు, క్యూలు. జత చెప్పులు పెట్టే చోటు లేదు. నేను బూట్లు విప్పి చేత పట్టుకున్నాను.

“మామ్! ఎవ్రీబడీ ఈజ్ లుకింగ్!”

“వెనక్కి చూడు,” అన్నాను.

ఎవరో ముసలాయన భార్య భుజం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి బూటు లాగుతున్నాడు. మా అమ్మాయి కాసేపు ఆయన్నే చూసి, వంగి తన లేసులు విప్పుకుంది.