ఎంతవరకు?

ఆఫీసులో అందరూ హద్దుల మాస్టారని పిలిచే పెద్దాయనది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "ఎంతవరకు?" అంటారు.

"లిఫ్టు పాడైందండీ" అంటే "ఎంతవరకు?" "ఆకలేస్తోంది" అన్నా అదే ప్రశ్న. పెళ్ళైన కొత్తలో భార్య "మీరంటే ఇష్టం" అంటే ఎంతవరకని అడిగి, మూడు రోజులు మాటల్లేకుండా గడిపారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆవిడ విని, "మూడు కాదు, అయిదు" అని సరిదిద్దింది.

ఆ ఆఫీసులో తయారయ్యేది వెబ్‌అసెంబ్లీ రన్‌టైమ్. ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్ని ఒకే యంత్రంలో నడిపిస్తుంది. ఒక్కోదానికి మెమరీలో ఒక్కో గది ఇస్తుంది. ఎవరూ పక్క గదిలోకి తొంగిచూడకూడదు. ఆ కాపలా కోడు రాసింది కొత్తమ్మాయి. శుక్రవారం విడుదల. ఆ రోజే ఆమె ఉద్యోగం ఖాయమో, ఇంటికో తేలేది.

గురువారం మధ్యాహ్నం మాస్టారు ఆమె పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఏం చేస్తుందమ్మా నీ కోడు?"

"ప్రోగ్రాం చదవబోయే చోటు దాని గదిలో ఉందో లేదో చూస్తుంది మాస్టారూ."

"ఎంతవరకు?"

కొత్తమ్మాయి పళ్ళు బిగబట్టింది. "మొదలు గదిలో ఉంటే పోనిస్తుంది. లేకపోతే ఆపేస్తుంది."

"మొదలు సరే. ఎంతవరకు?"

"అదే చెబుతున్నా కదండీ, మొదలు..."

ఆగిపోయింది. చదివేది ఒకేసారి ఎనిమిది బైట్లు, అంటే మెమరీలో వరసగా ఎనిమిది గళ్ళు. మొదటిది ఈ గదిలో చిట్టచివరిదైతే, మిగిలిన ఏడూ ఎవరివి?

పరీక్షించి చూద్దామని పక్క గది మొదట్లో ఏడు తొమ్మిదులు దాచింది. ఈ గది చివరి బైటు నుంచి చదివించింది. ఏడు తొమ్మిదులూ వరసగా తెరమీదికి వచ్చి నిలబడ్డాయి.

గోడ ఎక్కడా బీటలు వారలేదు. కాపలా ఒక్క క్షణం కునుకు తీయలేదు. అడగాల్సినదంతా అడిగింది, ఒక్కటి తప్ప. మాస్టారు తెరమీదికి వంగి ఆ అంకెల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"ఎంత అందంగా ఉందమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా.

"ఎంతవరకండీ? నా ఉద్యోగం ఊడేంతవరకా?"

విడుదల ఆగింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"రాసినమ్మాయే. తన తప్పు తానే" అన్నారు మాస్టారు.

"మరి మీరేం చేస్తున్నారు?"

"పక్కన కూర్చుని విసిగిస్తున్నాను."

"అదైతే నమ్ముతాను" అన్నాడు మేనేజరు.

శుక్రవారం ఆమె ఉద్యోగం ఖాయమైంది. రన్‌టైమ్ సోమవారం బయటికెళ్ళింది. అది బయటికెళ్ళిందని చెబుదామని ఆ మధ్యాహ్నం ఆమె మాస్టారి బల్ల దగ్గరికెళితే ఒక కాగితం కనబడింది. పెన్సిలుతో ఎనిమిది గళ్ళు. ఒకటి గోడకి ఇవతల, ఏడు అవతల. మూలన రాసి ఉంది: గురువారం, ఉదయం తొమ్మిదిన్నర.

"మీకు ఆ రోజు పొద్దున్నే తెలుసా మాస్టారూ?"

మాస్టారు ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టారు.

"ఈ బల్ల ఊగుతోందమ్మా" అంటూ దాన్ని బల్ల కాలి కింద పెట్టడానికి వంగారు.

కొత్తమ్మాయి బల్లని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.