మొగిలి ఘాటులో నల్లపొగ

మా లారీ షెడ్డు మేస్త్రి చనిపోయారని మొన్న పలమనేరులో టీ తాగుతుంటే తెలిసింది. చెప్పిన డ్రైవరు "మంచోడే గానీ నోరు దుడుకప్పా" అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి వాడితో పోట్లాడాను. ఆ నోరు లేకపోతే ఇవాళ నా చేతిలో స్టీరింగు ఉండేది కాదు.

టర్బో లారీలు మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. నేను చిత్తూరులో బెల్లం ఎత్తుకుని బెంగుళూరుకు తోలేవాణ్ణి. ఆయుధపూజ అయిన వారానికే బండికి జబ్బు చేసింది. ఖాళీగా ఉంటే గుర్రంలా ఉరికేది. లోడుతో మొగిలి ఘాటు ఎక్కితే నల్లపొగ కక్కుతూ చతికిలబడేది. ఇంజను నేనే పాడుచేశానని ఓనరు అందరి ముందూ తాళంచెవి లాక్కున్నాడు. ఇంజను విప్పి చూపించమని మేస్త్రికి చెప్పాడు.

"ఇప్పను" అన్నారు మేస్త్రి. "నిలబెట్టి సూస్తే జబ్బు తెలీదు. బరువుతో ఎక్కించి సూడాల. బండి వీడే తోలాల."

ఆయన అంతే. ఎంతటివాడు చెప్పినా, తన కంటితో చూడనిదే స్పానరు పట్టరు. "పొగ నల్లగుండాదంటే గాలి సాల్లేదని" అనేవారు. డీజిల్ ఫిల్టరు చూశారు. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో చక్రాన్ని వేలితో తిప్పి చూశారు. రెండూ బాగానే ఉన్నాయి.

ఓనరు తాళంచెవి నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. మేస్త్రి క్యాబిన్ వెనక బెల్లం మూటలెక్కి నిలబడ్డారు. ఘాటు మొదలై నేను యాక్సిలరేటరు తొక్కానో లేదో, ఆయన క్యాబిన్ పైన దబదబా బాది, బండి ఆపించి ఒక గుడ్డను చూపించారు.

క్యాబిన్ వెనక ఇంజను గాలి పీల్చే గొట్టానికి పూజనాడు కట్టిన పసుపుగుడ్డ అది. మామూలప్పుడు పక్కకు వేలాడేది. ఎక్కుడులో ఇంజను గట్టిగా పీల్చేసరికి గుడ్డ కొస గొట్టం జాలీకి అతుక్కుని గాలిని ఆపేస్తోంది. దాన్ని కట్టింది ఓనరే.

"దేవుని గుడ్డను తప్పు పడతావా?" అని ఎగిరాడు ఓనరు.

"దేవునికి దండం పెట్టు సామీ. ఇంజనుకు గాలి ఇడువు. వీని నోటికాడ కూడు తీయబాకు."

ఆ మాట అనడానికి ఆ రోజు చిత్తూరులో ఇంకెవరికీ దమ్ము లేదు. మేస్త్రి గుడ్డ విప్పి, కళ్లకద్దుకుని ఓనరు చేతిలో పెట్టి, మళ్లీ మూటలెక్కారు.

బండి మూడో గేరులోనే మలుపులు తిరిగింది.

"పొగ యాడుండాదప్పా ఓనరూ? సూపీ!" పైనుంచి మేస్త్రి కేక.

ఓనరు తల బయటపెట్టి వెనక్కి చూశాడు. మేం ఎక్కివచ్చిన రోడ్డు, కింద మొగిలి ఊరి దాకా శుభ్రంగా కనబడుతోంది.